డాక్టరయ్యాక కూడా సహాయమెందుకు?

ఎంబీబీఎస్ ముగించి అమెరికాలో రెసిడెన్సీ చేస్తున్న మన పిల్లల గురించి దాతలు అడిగే ప్రశ్న ఇది. అడగడం సబబే.

అక్కడ దేశమంతటికీ ఒకే లైసెన్సు లేదు. ప్రతి రాష్ట్రానికీ సొంత మెడికల్ బోర్డు ఉంటుంది. సాధారణంగా రోగి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు లైసెన్సు డాక్టరుకు కావాలి. వీడియోలో చూసినా అంతే.

ఈ శ్రమ తగ్గించేందుకు రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం 2017లో అమలుకు వచ్చింది. ఒకే దరఖాస్తుతో అందులో చేరిన రాష్ట్రాల్లో ఎన్నింటినైనా కోరవచ్చు. అయినా వచ్చేది ఒకే లైసెన్సు కాదు; ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. దరఖాస్తుకు 700 డాలర్లు, ఆపైన ప్రతి రాష్ట్రం ఫీజు వేరు, రెన్యువల్ వేరు.

కొత్త డాక్టర్లు ఇక్కడే పొరబడతారు. రెసిడెన్సీలో ఉండగా ఈ దారి తెరుచుకోదు. శిక్షణ ముగించి, స్పెషాలిటీ బోర్డు సర్టిఫికెట్ పొంది, ఒక రాష్ట్రంలో పూర్తి లైసెన్సు సంపాదించాలి. యూఎస్‌ఎమ్మెల్ఈలో ప్రతి దశనూ మూడు ప్రయత్నాల్లోపు దాటి ఉండాలి. క్రమశిక్షణ చర్య గానీ నేరచరిత్ర గానీ ఉండకూడదు.

అందుకే పిల్లలకు మా సలహా: మొదటి ప్రయత్నానికే గట్టిగా చదవండి, ఉద్యోగానికి అవసరమైన రాష్ట్రాలకే దరఖాస్తు చేయండి.

దాతలకు మా విన్నపం: ఈ ఫీజులకు జకాత్ అడగం, అది పేదల హక్కు. ఖర్జె హసనా ఇవ్వండి. సంపాదన మొదలయ్యాక ఆ సొమ్ము తిరిగొచ్చి, ఇన్షా అల్లాహ్, మరో విద్యార్థికి దారి చూపుతుంది.