తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది?



మన జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములవారికి తుపాకి యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. 1978 అక్టోబరులో నాటి ప్రభుత్వము ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఆ పిమ్మట చాలకాలము, ఈడు వచ్చిన కుమారుడు చీకటిపడినను ఇల్లు చేరకున్నచో తల్లి కంటికి కునుకు రాకుండెడిది. ఆ భయము నెరిగినవారు నేడు తాతలు, అవ్వలు అయినారు. తుపాకి పేరెత్తినచో వారిప్పటికిని మాట మార్చుదురు. చట్టము కూడ ఈ విషయమున కఠినముగనే యున్నది. 1959 నాటి ఆయుధముల చట్టము ననుసరించి ఇరువదియొక్క సంవత్సరములు నిండనివానికి తుపాకి నుంచుకొను అర్హత లేదు; శిక్షణ నిమిత్తము కొన్ని మినహాయింపులున్నవి, అంతియే. కావున పిల్లల చేతికి తుపాకి చిక్కనీయరాదని మన ఇండ్లలో ఎవరికిని బోధింపవలసిన పని లేదు.

అమెరికాలో నట్లు కాదు. అచ్చట సామాన్య గృహస్థుని ఇంట తుపాకి యుండుట వింత గాదు. 2021 నవంబరు 30వ తేదీన మిచిగన్ రాష్ట్రమున ఆక్స్‌ఫర్డ్ అను ఊరి ఉన్నత పాఠశాలలో పదునైదేండ్ల బాలుడొకడు నలుగురు తోటి విద్యార్థులను కాల్చి చంపెను. ఆ తుపాకిని కొన్నది అతని తండ్రి. నాలుగు దినములకు పూర్వమే, క్రిస్మస్ కానుకగా కుమారుని కొరకు కొనెను. న్యాయస్థానము బాలునికి శిక్ష విధించి ఊరకుండలేదు. 2024లో తల్లిని, తండ్రిని వేరువేరుగ విచారించి, ఇరువురిని నరహత్యా దోషులుగ నిర్ణయించి, ఒక్కొక్కరికి పది మొదలు పదునైదు సంవత్సరముల కారాగారవాసము విధించెను. పాఠశాలలో బిడ్డ సాగించిన అట్టి హత్యాకాండకు తల్లిదండ్రులు ఈ విధముగ శిక్ష పొందుట ఆ దేశమున అదియే ప్రథమము. వారు తుపాకి పేల్చలేదు. పిల్లవాని మనస్సు కలతపడియున్నదని సూచనలు కనబడుచుండగ, తుపాకిని వాని చేతి కందకుండ భద్రపరుపరైరి. అదియే వారిపై మోపబడిన నేరము.

మన బంధువుల పిల్లలు పలువురు ఆ దేశమున కాపురములుండి బిడ్డలను పెంచుచున్నారు. ఇంటికి ఫోను చేసినపుడు వారికొక్క మాట చెప్పుడు: పొరుగింటికి ఆడుకొనుటకు పిల్లలను పంపునపుడు, "మీ ఇంట తుపాకి కలదా? తాళము వేసి యుంచినారా?" అని అడుగుటకు మొగమాటపడరాదు. ఆ దేశపు పిల్లల వైద్యులును ఇట్లు అడుగుమనియే తల్లిదండ్రులకు చెప్పుచుందురు.

ఇక మన ఇంటికి వత్తము. తలుపు ప్రక్కన గోడకు ఒక మేకు ఉండును. ఆ మేకుకు మోటారు సైకిలు తాళపుచెవి వ్రేలాడుచుండును. తొమ్మిదవ తరగతి చదువు పిల్లవానికి అది చేయి చాచిన అందును. తుపాకి విషయమున ఇంత జాగరూకత గల మనము ఈ తాళపుచెవి విషయమున ఏల ఇంత ఉదాసీనులమై యున్నామన్నదే ఈ పాఠమున విచారింపదలచిన సంగతి. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించినది. వారిలో నూటికి నలుబదినలుగురు ద్విచక్ర వాహనములపై పోవుచున్నవారే. నూరు కిలోలకు మించిన బరువు గల యంత్రము గంటకు డెబ్బది, ఎనుబది కిలోమీటర్ల వేగమున పోవుచున్నపుడు అది ఎదుటివానికిని, ఎక్కినవానికిని చేయు హాని తుపాకిగుండు చేయుదానికి తక్కువేమియు కాదు.

మా ప్రాంతమున ఇది ఎట్లు జరుగునో చెప్పెదను. కోరుట్ల, మెట్‌పల్లి వైపు గాని, సిరిసిల్ల వైపు గాని ఏ ఊరికి పోయినను, తండ్రి దుబాయిలోనో, సౌదీలోనో, మస్కటులోనో పని చేయుచుండును. తల్లి బీడీలు చుట్టుచు ఇల్లు నెట్టుకొని వచ్చుచుండును. పిల్లవాడు పదవ తరగతి పరీక్ష వ్రాసిన నాటినుండి బండి కావలెనని పట్టుబట్టును. తల్లి వలదనును. వాడు అన్నము మానును. రెండవ దినమున తల్లి ఫోనులో తండ్రితో మొరపెట్టుకొనును. దూరమున నున్న తండ్రికి బిడ్డను చూడలేకపోతినను దిగులు ఎప్పుడును ఉండనే యున్నది. అడిగినది కొనియిచ్చి ఆ దిగులు తీర్చుకొనును. బండి తల్లి పేరనో, మేనమామ పేరనో వచ్చును. వాయిదాలు బీడీల మజూరినుండి పోవును. ఇందులో ఎవరును చెడ్డవారు కారు. అందువలననే దీనిని గూర్చి మాటలాడుట కష్టము.

అయితే ఆ తండ్రిని ఒక్కటి అడుగవలెను. అయ్యా, నీవున్న దుబాయిలో లైసెన్సు లేనిదే నీవు కారు స్టీరింగు పట్టుదువా? అచ్చట లైసెన్సునకై ఎన్ని తరగతులు హాజరు కావలెనో, రోడ్డు పరీక్షలో తప్పినవాడు మరల ఎంత సొమ్ము కట్టవలెనో నీకు తెలియును. అనుభవము గల డ్రైవరులే అచ్చట తప్పి, మరల పరీక్షకు నిలుచుచున్నారు. అంతటి కట్టుబాటునకు ప్రతి దినము తలయొగ్గు మనుష్యుడు, పదునారేండ్ల కుమారునికి ఫోనులో నొక్క మాటతో బండి ఇప్పించుట ఎట్టి న్యాయము?

మా పాఠశాలలో పిల్లలు బండ్లు తేరాదను నియమము కలదు. అందుచే వారు బండ్లను రెండు సందుల అవతల కిరాణా దుకాణము వెనుక నిలిపి నడచి వత్తురు. నియమము పాటింపబడుచున్నట్లు మేమును, బండి పొలమునకే పోవుచున్నదని తల్లిదండ్రులును తలచుచుందుము.

పొలము మాట వచ్చినది గనుక దానిని తేలికగ త్రోసివేయను. మారుమూల పల్లెలో బస్సు రోజున కొక్కసారి వచ్చును. పాలు కేంద్రమునకు పోయవలెను, అవ్వను ఆస్పత్రికి తీసికొనిపోవలెను. ఇంట మగదిక్కు ఆ పదునారేండ్లవాడే. ఈ కష్టము నిజము. కాని గమనించి చూడుడు. పాల క్యానుతో పోవునపుడు పిల్లవాడు తరచు పడిపోడు. సాయంకాలము స్నేహితులిద్దరు వెనుక కూర్చుండగ, ఎక్కడికని లేక పోవునపుడే ఎక్కువగ పడిపోవును. ఒంటరిగ నున్నపుడు నిదానముగ పోవువాడే, వెనుకనున్నవాడు "ఇంకను, ఇంకను" అనగనే వేగము పెంచును. ఆ వయస్సున బలము ముందు వచ్చును; నిదానము కొన్ని యేండ్లు వెనుకబడి వచ్చును. వాడు చెడ్డవాడు గాడు. ఆ పది నిముషములలో తాళపుచెవి చేతి కందినది, అంతే. ఒకసారి పాలకని ఇచ్చిన తాళపుచెవి సాయంకాలము మరల మేకునకు చేరినదో లేదో ఎవరును చూడరు.

మా రోడ్డును గూర్చియు చెప్పవలెను. అరవైమూడవ నంబరు జాతీయ రహదారి కోరుట్ల, జగిత్యాల మీదుగ మా ధర్మపురికి వచ్చి, గోదావరి దాటి లక్సెట్టిపేట వైపు పోవును. 2015 పుష్కరములందు ఈ దారిలో వాహనములు ఎట్లు నిలిచిపోయెనో చూచినవారెవరును మరువరు. ఉత్సవములు లేని దినములందును లారీల రద్దీ తక్కువ గాదు. పంట కోతల కాలమున రైతులు వడ్లను, మక్కలను రోడ్డు అంచున ఆరబోయుదురు; గాలికి కొట్టుకొనిపోకుండ చుట్టును రాళ్లు పెట్టుదురు. రాత్రివేళ దీపము లేని ట్రాక్టరు ఎదురు వచ్చును. ముప్పదియేండ్లు బండి నడిపినవాడే ఆ రాతిని చూడక పడును. హెల్మెట్ పెట్టుకొనుట చిన్నతనమని భావించు బాలుని గతి ఏమి? దక్షత గల డ్రైవరునకు సైతము పరీక్షయైన దారి యిది.

చట్టము ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుట మేలు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేర్చిన 199-ఏ సెక్షను ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండనివాడు వాహనము నడిపి నేరమునకు పాల్పడినచో, అతని సంరక్షకుడు గాని వాహన యజమాని గాని దోషి యని భావింపబడును. మూడేండ్ల వరకు కారాగారము, ఇరువదియైదు వేల రూపాయల జరిమానా. వాహనపు రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదవ యేడు నిండువరకు లైసెన్సు రాదు. ఇందు ముఖ్యముగ గ్రహింపవలసిన దేమనగా, పిల్లవాడు పెద్దల సమ్మతితోనే నడిపెనని న్యాయస్థానము మొదటనే భావించును. నాకు తెలియకనే జరిగినది, లేదా నేను తగిన జాగ్రత్త యంతయు తీసికొంటిని అని ఋజువు చేయు భారము పెద్దలదే. గోడ మేకుకు వ్రేలాడిన తాళపుచెవి ఆ ఋజువునకు పనికిరాదు. బండి తల్లి పేరనున్నచో బీడీలు చుట్టు ఆ తల్లియే కోర్టు మెట్లెక్కవలెను. తండ్రి పేరనున్నచో, క్రిమినల్ కేసు నడచుచుండగ పాస్‌పోర్టు కొత్తది చేయించుకొనుటకు కోర్టు అనుమతి కోరవలసి వచ్చును. ఇన్సూరెన్సు కంపెనీ దెబ్బతిన్నవానికి పరిహారము చెల్లించినను, లైసెన్సు లేనివాడు నడిపినాడని ఆ సొమ్మును యజమానినుండి మరల రాబట్టుకొనగలదు. దుబాయి సంపాదన ఎన్ని సంవత్సరములది అందు కరగిపోవునో లెక్క వేసికొనుడు.

2024 మే నెలలో పూణె నగరమున పదునేడేండ్ల బాలుడు నడిపిన కారు మోటారు సైకిలును ఢీకొని, ఇద్దరు యువ ఇంజనీరులు మరణించిరి. బాలునికి మొదట బెయిలు ఇచ్చునపుడు విధించిన షరతులలో, రోడ్డు ప్రమాదములపై మూడువందల పదముల వ్యాసము వ్రాయవలెననునది యొకటి. దేశమంతయు దానిని చూచి విస్తుపోయినది; ఆ ఉత్తరువు పిదప మారినది, తండ్రియు అరెస్టయినాడు. ఇన్నేండ్లుగ పిల్లలచేత వ్యాసములు వ్రాయించుచున్నవాడను గనుక చెప్పుచున్నాను: వ్యాసము వ్రాయించవలసిన సమయము అది కాదు, దానికి రెండేండ్లు ముందు.

మరి ఏమి చేయవలెను? తాళపుచెవి ఇంటి పెద్ద వద్ద నుండవలెను. పెద్ద దేశాంతరమున నున్నచో తల్లి బీరువాలో, బంగారముతో పాటు. రెండవ తాళపుచెవిని మరువరాదు. షోరూమువారు రెండిచ్చెదరు, పిల్లలకు ఈ సంగతి మనకంటె ముందే తెలియును. బండి తండ్రి కాయకమునకు సాధనమైనచో, ఆ కాయకము చేయువారే దానిని నడుపవలెను. పిల్లవాడు అన్నము మానినచో మాననిండు. ఒకపూటకంటె ఎక్కువ మానడు. కాని "వలదు" అని ఊరకుండక, ఏల వలదో చెప్పవలెను. తండ్రి తానే ఫోనులో చెప్పుట మేలు, దుబాయి లైసెన్సు కథతో సహా. సైకిలు నామోషీ యని పిల్లలు అందురు. ఆ నామోషీ వారికి మననుండియే అంటినది. ఆడపిల్లలకు స్కూటీ కొనియిచ్చువారికిని ఇదే మాట వర్తించును. వారికి 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సులో ఛార్జీ లేకుండనే ప్రయాణము లభించుచున్నది. మగపిల్లలకు విద్యార్థి పాసు కలదు. బస్సు రాని పల్లెవారు కలిసి డిపో మేనేజరుకు అర్జీ పెట్టుకొనవలెను. అట్టి అర్జీలు వ్రాసిపెట్టుటకు ప్రతి ఊర మావంటి ఉపాధ్యాయుడొకడు దొరకకపోడు. అవ్వకు రాత్రి జబ్బు చేసినచో 108కి ఫోను చేయవలెను గాని, పిల్లవానిని లేపరాదు.

పదహారేండ్లకు గేర్లు లేని యాభై సీసీ లోపు బండికి లైసెన్సు ఇత్తురను మాట కొందరు చెప్పుదురు. చట్టమున అది ఉన్నది. అట్టి పెట్రోలు బండి నేటి షోరూములలో దొరకుట మాత్రము అరుదు. ఆ వంకతో నూరు సీసీ బండి ఎక్కించుట చెల్లదు.

పదునెనిమిదేండ్లు నిండిన మరునాడు పిల్లవాని వెంటబెట్టుకొని పొండు. మొదట లెర్నర్ లైసెన్సు తీసికొనవలెను. అది ఆరు నెలలు చెల్లును. ముప్పది దినములు గడచిన తరువాత రవాణా కార్యాలయమున డ్రైవింగు పరీక్షకు నిలువవచ్చును. ఆ ముప్పది దినములు తండ్రి సెలవుపై ఇంటికి వచ్చు కాలముతో కలిసివచ్చునట్లు చూచుకొన్నచో, వెనుక కూర్చుండి నేర్పువాడు తండ్రియే యగును.