గేరు ఆయిల్ మార్పు – ప్రమాణ విచారం

ఉద్దేశం

నిత్యజీవితంలో కలిగే ఒక సందేహాన్ని తర్కబద్ధంగా పరిష్కరించుకొనే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం. ప్రాచీన న్యాయశాస్త్రం చెప్పిన ప్రమాణాలు నేటి యంత్రాల విషయంలోను ఎట్లా ఉపకరిస్తాయో ఇందులో తెలుసుకోవచ్చు.

పాఠ్యభాగం

కారు ఉన్నవారిలో ఇంజన్ ఆయిల్ సంగతి తెలియనివారు అరుదు. గేరు బాక్సులో వేరొక ఆయిల్ ఉంటుందని, దానికీ కాలపరిమితి ఉంటుందని ఎరిగినవారు కొద్దిమందే. ఇంజన్ ఆయిల్ మంటకు, మసికి చేరువగా ఉండి త్వరగా నల్లబడుతుంది. సర్వీసింగు జరిగినప్పుడల్లా దానిని మార్చడం ఆనవాయితీ అయింది. గేరు ఆయిల్ మూసిన పెట్టెలో ఉంటుంది. అది మండదు, కంటికి కనిపించదు. అందువలన యజమాని దానిని సులభంగా మరచిపోతాడు.

ఎప్పుడో ఒకనాడు సందేహం కలుగుతుంది. దీనిని మార్చవలెనా? మార్చితే ఎప్పుడు మార్చవలెను? ఈ ప్రశ్నకు నలుగురు నాలుగు సమాధానాలు చెబుతారు. బండి ఉన్నన్నాళ్ళు మార్చనక్కరలేదని ఒకరు అంటారు. నలభై వేల కిలోమీటర్లకే మార్చాలని మరొకరు అంటారు. పక్కింటివారి కారుకు ఎప్పుడు మార్చారో చూచి అప్పుడే మార్చమని ఇంకొకరి సలహా. ఇన్నేళ్ళు మార్చకుండా ఇప్పుడు మారిస్తే గేరు బాక్సే చెడిపోతుందని వేరొకరు భయపెడతారు.

ఇది సంపన్నుల కాలక్షేపపు చర్చ కాదు. అప్పు తెచ్చి పాత కారు కొని, దానిని అద్దెకు తిప్పి కుటుంబాన్ని పోషించుకొనే డ్రైవరును తలచుకొంటే ఈ ప్రశ్న బరువు తెలుస్తుంది. ఆయిల్ మార్పుకు కొన్ని వేల రూపాయలు ఖర్చవుతాయి. ఆటోమేటిక్ గేరు బాక్సు పూర్తిగా చెడితే ఖర్చు లక్ష రూపాయలు దాటవచ్చు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళు రాబడి ఉండదు; నెల వాయిదా మాత్రం ఆగదు.

ముందుగా ఈ ఆయిల్ చేసే పని తెలుసుకోవాలి. చేతితో గేర్లు మార్చే కారులో దాని పని కొంత సరళమైనది. అది పళ్ళచక్రాల మధ్య, బేరింగుల మధ్య పలుచని పొరగా నిలిచి రాపిడిని తగ్గిస్తుంది; పుట్టిన వేడిని పెట్టె గోడలకు చేరవేస్తుంది. ఆటోమేటిక్ కారులో దాని బాధ్యత ఇంకా పెద్దది. ఇంజన్ శక్తిని టార్క్ కన్వర్టర్ ద్వారా చక్రాల వైపు పంపేది ఆ ఆయిలే. ఒత్తిడితో క్లచ్ పలకలను బిగించేది, సడలించేది అదే. ఆ పలకలు అదరకుండా, జారిపోకుండా పట్టుకొనడానికి తగిన ఘర్షణను కాపాడేది కూడ అదే.

ఇన్ని పనులు చేయవలసి వచ్చినందువల్లనే అది ప్రత్యేక ద్రవంగా రూపొందింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ సంస్థ హైడ్రా-మాటిక్ అనే గేరు బాక్సును ప్రవేశపెట్టింది. పెద్దయెత్తున తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేరు బాక్సుగా అది ప్రసిద్ధి చెందింది. 1949లో అదే సంస్థ ఇటువంటి పెట్టెలలో వాడవలసిన ద్రవానికి ‘టైప్ ఎ’ అనే ప్రమాణాన్ని ఏర్పరచింది. ఆనాటి ద్రవాలలో ఘర్షణను అదుపు చేయడానికి స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970వ దశకం తొలినాళ్ళలో అమెరికా చట్టాలు ఆ నూనెను నిషేధించడంతో రసాయన శాస్త్రజ్ఞులు దానికి బదులుగా వేరే చేర్పులను కనుగొనవలసి వచ్చింది. కాలం గడిచేకొద్దీ ముందుగా బలహీనపడేవి ఇటువంటి చేర్పులే. అందువలన ఆయిల్ పరిమాణం తగ్గకపోయినా దాని గుణం తగ్గుతుంది. ఈ భేదాన్ని గ్రహించడం ఈ విచారణకు తొలిమెట్టు.

ఒక విషయాన్ని యథార్థంగా తెలుసుకొనే సాధనాన్ని ప్రాచీనులు ప్రమాణం అన్నారు. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. గేరు ఆయిల్‌ను గురించి లోకం చెప్పే మాటలను ఈ నాలుగింటితో పరిశీలించవచ్చు.

ఇంద్రియాలతో నేరుగా తెలుసుకొనేది ప్రత్యక్షం. ఆటోమేటిక్ ఆయిల్ చాలావరకు ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు దాని సహజగుణం కాదు. కారినప్పుడు ఏ ఆయిల్ కారిందో గుర్తించడానికి కలిపిన రంగు మాత్రమే. ఎరుపు కొంత మాసినంత మాత్రాన ఆయిల్ చెడినట్లు కాదు. ఎర్రగా ఉన్నంత మాత్రాన మంచిదనీ కాదు. ముదురు గోధుమరంగుతో పాటు మాడువాసన వస్తే అది చేటుకు గుర్తు. పాలవలె తెల్లబడితే లోనికి నీరు చేరినట్లు. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోను వరదనీరు కాలనీలను ముంచెత్తింది. ఎన్నో వాహనాలు మునిగాయి. అట్లా మునిగిన కారు విషయంలో కిలోమీటర్ల లెక్క పనికిరాదు. దానిని స్టార్టు చేయక మునుపే గేరు ఆయిల్‌ను పరీక్షించి, నీరు చేరి ఉంటే మార్చవలసినదే.

ఆయిల్ దింపినప్పుడు డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి అంటుకొన్న బూడిదరంగు మెత్తని పొడి సాధారణమైన అరుగుదలకు గుర్తు. లోహపు తునకలు కనిపిస్తే లోపల ఏదో విరుగుతున్నదని అర్థం; అప్పుడు కొత్త ఆయిల్ ఒక్కటే చాలదు. అయితే ప్రత్యక్షానికి పరిమితి ఉన్నది. నేటి ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి ఆయిల్ చూచే కడ్డీ ఉండదు. బండిని సమతలంగా లిఫ్టు మీద నిలిపి, ఆయిల్ నిర్ణీతమైన వేడికి చేరినప్పుడు చూడవలసి ఉంటుంది. పైగా మాడువాసన వచ్చేనాటికే నష్టం మొదలై ఉండవచ్చు. కనుక చేటు కనిపించే వరకు వేచి ఉండడం వివేకం కాదు.

కనిపించిన హేతువును బట్టి కనిపించని దానిని నిర్ణయించడం అనుమానం. కొండమీద పొగను చూచి అక్కడ నిప్పు ఉన్నదని తెలుసుకోవడం దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతం. గేరు ఆయిల్ విషయంలో కారు నడిచిన తీరే హేతువు. వేడి పెరిగేకొద్దీ ఆయిల్ ఆక్సిజన్‌తో చర్య జరిపి త్వరగా క్షీణిస్తుంది. ప్రతి 10 డిగ్రీల సెంటీగ్రేడు పెరుగుదలకు ఈ చర్య వేగం సుమారు రెట్టింపు అవుతుందని రసాయన శాస్త్రంలో ఒక స్థూలమైన లెక్క ఉన్నది. దానిని బట్టి 20 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఎడతెగక పనిచేసిన ఆయిల్ సుమారు నాలుగోవంతు కాలానికే అలసిపోతుంది. విజయవాడ, రామగుండం వంటి చోట్ల వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటుతాయి. ఆ ఎండలో అడుగడుగునా ఆగుతూ సాగే నగర ప్రయాణం, తిరుమల, శ్రీశైలం వంటి ఘాట్‌రోడ్లు, నిండు బరువు గేరు బాక్సును వేడెక్కిస్తాయి. జాతీయ రహదారిపై నిలకడగా 60,000 కిలోమీటర్లు నడిచిన కారు, నగరంలో ఆగుతూ కదులుతూ అంతే దూరం నడిచిన కారు మీటరు లెక్కలో సమానం. ఆయిల్ విషయంలో సమానం కావు.

ఎరిగిన వస్తువుతో గల పోలికను బట్టి ఎరుగని వస్తువును తెలుసుకోవడం ఉపమానం. గవయం ఆవును పోలి ఉంటుందని విన్నవాడు అడవిలో దానిని చూచి గుర్తుపట్టడం శాస్త్రకారులు చూపిన ఉదాహరణ. అయితే గవయం ఆవును పోలినదే గాని ఆవు కాదు. క్లచ్ పెడలు లేని కార్లు కూడ చూపునకు ఒక్కతీరుగానే ఉంటాయి; వాటి లోపలి నిర్మాణం వేరు. 2014లో మారుతి సుజుకి సెలేరియోతో మన దేశంలో ప్రచారంలోకి వచ్చిన ఎ.ఎం.టి. పద్ధతిలో లోపల ఉండేది చేతిగేర్ల పెట్టెయే. క్లచ్ నొక్కి గేరు మార్చే పనిని మాత్రం యంత్రం చేస్తుంది. సి.వి.టి. పద్ధతిలో గేర్ల వరుసకు బదులు రెండు కప్పీల నడుమ ఉక్కుబెల్టు తిరుగుతుంది. దానికి ప్రత్యేకమైన ఆయిలే పోయాలి.

చేతిగేర్ల ఆయిళ్ళలోను ఇటువంటి భ్రమకు అవకాశం ఉన్నది. జి.ఎల్.-4 రకం కోరిన పెట్టెకు, పెద్ద అంకె కనుక మేలైనదని జి.ఎల్.-5 పోయరాదు. దానిలో ఎక్కువగా ఉండే గంధక, భాస్వర చేర్పులు ఇత్తడి సింక్రోనైజరు రింగులకు హాని చేయవచ్చు. కనుక పక్కింటి కారు గడువును, ఆయిల్‌ను మన కారుకు అన్వయించే ముందు ఆ రెండింటి గేరు బాక్సులు ఒకే జాతివో కావో చూడాలి.

ఇక మిగిలినది శబ్దం, అనగా ఆప్తవాక్యం. విషయాన్ని ఉన్నదున్నట్లు ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పేవాడు ఆప్తుడు. కారుతో పాటు ఇచ్చే సూచనల పుస్తకం ఇక్కడ ప్రధానమైన ఆప్తవాక్యం. అయితే దానిని పూర్తిగా చదవాలి. అనేక పుస్తకాలలో సాధారణ వాడకానికి ఒక గడువు, కఠిన వాడకానికి వేరొక గడువు ఉంటాయి. తీవ్రమైన ఎండ, దుమ్ము, కొండదారులు, ఆగుతూ సాగే నగర ప్రయాణం, కొద్దిదూరపు రాకపోకలు కఠిన వాడకం కిందికి వస్తాయి. మన నగరాలలో తిరిగే కార్లు చాలావరకు ఈ రెండవ వర్గానికి చెందుతాయి. యజమానులు మాత్రం మొదటి పట్టికతోనే తృప్తి పడుతుంటారు. గడువును కిలోమీటర్లలోను, సంవత్సరాలలోను చెప్పినప్పుడు ఏది ముందు వస్తే అదే పాటించాలి.

కొందరు వాహన నిర్మాతలు ఆటోమేటిక్ ఆయిల్ జీవితకాలం ఉంటుందని ప్రకటించారు. ఎవరి జీవితకాలం అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. గేరు బాక్సు చెడిననాడే దాని జీవితకాలం ముగిసినదని లెక్కిస్తే ఆ మాట ఎన్నడూ అబద్ధం కాదు. యజమానికి ఉపయోగమూ ఉండదు. అనేక ప్రసిద్ధ కార్లకు గేరు బాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్.ఎఫ్. తన ఆటోమేటిక్ పెట్టెలలో సుమారు 80,000 నుండి 1,20,000 కిలోమీటర్ల మధ్య గాని, 8 సంవత్సరాలకు గాని ఆయిల్ మార్చమని సూచించింది. పెట్టెను నిర్మించినవారి మాట ఈ విషయంలో ఎక్కువ విలువ గలది.

ఈ ప్రమాణాలను కలిపి చూచే తీరుకు ఒక ఉదాహరణ. సూచనల పుస్తకం సాధారణ వాడకానికి 80,000, కఠిన వాడకానికి 40,000 కిలోమీటర్లు గడువు చెప్పిందనుకొందాం. ఒక విశ్రాంత ఉపాధ్యాయుని కారు ఎక్కువగా రహదారి మీద 62,000 కిలోమీటర్లు నడిచింది. సంవత్సరాల గడువు కూడ మిగిలి ఉన్నది. గేర్లు మెత్తగా పడుతున్నాయి. అది 80,000 వరకు ఆగవచ్చు. ఒక డ్రైవరు అద్దెకు తిప్పడానికి కొన్న పాత కారు కూడ 62,000 నడిచినదే. అది నగరంలోనే తిరిగింది. ఆయిల్ మార్చినట్లు కాగితం లేదు. ఆ డ్రైవరు ఒక్కరోజు కూడ వాయిదా వేయకుండా మార్చించడం మేలు. అంకె ఒకటే అయినా హేతువులు వేరైనందువలన నిర్ణయాలు వేరయ్యాయి.

పాత బండికి ఆయిల్ మారిస్తే గేరు బాక్సు చెడిపోతుందన్న భయాన్ని కూడ విచారించాలి. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి వల్లనే పండు రాలిందనుకోవడం సరికాదు. దీనినే కాకతాళీయ న్యాయం అంటారు. గేర్లు జారడం, కుదుపులు రావడం మొదలైన తరువాతనే చాలామంది ఆయిల్ మార్పును తలపెడతారు. అప్పటికే అరిగిన క్లచ్ పలకలు కొద్దిరోజులలో విఫలమైతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. అటువంటి లక్షణాలు కనిపించిన బండిని ముందుగా నిపుణునితో పరీక్ష చేయించాలి. బాగా నడుస్తున్న పాత బండిలో మాత్రం ఆయిల్‌ను విడతలుగా మార్చడం నెమ్మదైన మార్గం. ఆటోమేటిక్ పెట్టె నుండి ఒకసారి దింపితే ఆయిల్ అంతా రాదు. కొంత టార్క్ కన్వర్టర్‌లో నిలిచిపోతుంది. ఒక్కొక్కసారి 40 శాతం మారుతుందనుకొంటే మొదటిసారి తరువాత పాత ఆయిల్ 60 శాతం, రెండవసారికి 36 శాతం, మూడవసారికి సుమారు 22 శాతం మిగులుతుంది.

ఆయిల్ మార్చిన తేదీని, అప్పటి కిలోమీటర్లను, పోసిన ఆయిల్ రకాన్ని సర్వీసు పుస్తకంలో రాయించి రసీదును భద్రపరచాలి. తరువాతి గడువును లెక్కించడానికి అదే ఆధారం. రేపు ఆ కారును కొనే మరొక డ్రైవరుకు అదే ఆప్తవాక్యం.

అభ్యాసం

1. గేరు ఆయిల్ పరిమాణం తగ్గకపోయినా గుణం ఎందుకు తగ్గుతుందో వివరించండి.
2. ఆయిల్‌ను కంటితో చూచి నిర్ణయించడంలో గల పరిమితులు ఏవి?
3. ఒకే దూరం నడిచిన రెండు కార్లకు వేర్వేరు నిర్ణయాలు ఎందుకు అవసరమయ్యాయి?
4. కాకతాళీయ న్యాయాన్ని మీ అనుభవంలోని మరొక సంఘటనకు అన్వయించి పది వాక్యాలు రాయండి.
5. మీ ఇంటిలోని ఏదైనా ఒక యంత్రం సూచనల పుస్తకం చదివి, అందులోని ఆప్తవాక్యాన్ని నాలుగు ప్రమాణాలతో పరిశీలించండి.