బల్లయొద్ద పనిచేయువారు నడుమును కాపాడుకొనుట



విరించిపురం, గుడియాత్తం, వేలూరు ప్రాంతములలో మన తెలుగు కుటుంబముల బిడ్డలు అనేకులు నేడు బల్లయొద్ద కూర్చుండి జీతము సంపాదించుకొనుచున్నారు. గుడియాత్తం లుంగీల అంగళ్లలో లెక్కలు వ్రాయువారు, ఆసుపత్రులలో రసీదులిచ్చువారు, కంప్యూటరు ముందు టైపు చేయువారు వీరిలో ఉన్నారు. నీడపట్టున ఉద్యోగము దొరికినదని తలిదండ్రులు సంతోషించుదురు. అయితే నీడపట్టున చేయు పనికి కూడ దేహము వెల చెల్లించవలసి యున్నది. అందుచేత ఈ నెల పాఠమునకు నడుము నొప్పిని తీసికొంటిమి.

ఒక సహోదరుని సంగతి

మాకు తెలిసిన ఒక యౌవనస్థుడు ఒక అంగడిలో గుమాస్తాగా చేరెను. ఉదయము కూర్చుంటే భోజనమునకే లేచెడివాడు. నడుము పట్టినను లేవలేదు. ఎందుకని అడిగితిమి. "ఊరుకాని ఊరు వచ్చినాము. మాటిమాటికి లేస్తే పనిదొంగ అనుకుంటారేమో అయ్యగారూ" అనెను. చివరకు 20 దినములు పనికి పోలేకపోయెను. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదు. లేచుటకు భయపడి అతడు పోగొట్టుకొన్నది, లేచియుంటే పోగొట్టుకొను నిమిషములకంటె ఎంతో ఎక్కువ. మేమును ఉపాధ్యాయులముగా పనిచేసిన దినములలో రాత్రులు చాపమీద వంగి పరీక్ష పత్రములు దిద్ది, ఇట్టి నొప్పినే తెచ్చుకొంటిమి.

నొప్పి ఎందుకు వచ్చును?

ఇది క్రొత్త జబ్బు కాదు. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జిని 1700 సంవత్సరములో వృత్తుల వలన కలుగు రోగములను గూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. వ్రాతగాండ్ర బాధలకు ఆయన మూడు కారణములు చెప్పెను: ఎడతెగక కూర్చుండుట, చేతిని ఒకే విధముగా కదలించుట, మనస్సుకు కలుగు ఒత్తిడి. ఈ మూడును నేటి కంప్యూటరు బల్లయొద్ద కూడ ఉన్నవి.

మన వెన్నులో కదలెడి పూసలు 24. నడుము భాగములో ఉన్నవి 5. పూసకు పూసకు మధ్య మెత్తని డిస్కులు ఉండును. పెద్దవారి డిస్కులలోనికి రక్తనాళములు దాదాపు పోవు. వాటికి కావలసిన పోషణ ప్రక్కనున్న ఎముకలనుండి మెల్లగా ఊరవలెను. దేహము కదలుచుండుట అందుకు తోడ్పడును. ముందుకు వంగి కూర్చుంటే డిస్కులమీద బరువు పెరుగును, కండరములు అలసిపోవును. మిక్కిలి వెలగల కుర్చీ కొన్నను, కదలక కూర్చుంటే నడుము నొప్పి రావచ్చును. అన్నివేళలకు సరిపడు ఒకే భంగిమ లేదు. మార్చుచుండుటయే మంచిది.

ఏమి చేయవలెను?

1. పాదములు రెండును నేలమీద ఆనవలెను. కుర్చీ ఎత్తైతే కాళ్ల క్రింద పీట వేసికొనుడి.
2. వీపును కుర్చీకి ఆనించి, నడుము వంపులో మడిచిన తుండుగుడ్డ పెట్టుకొనుడి.
3. బల్ల మోచేతి ఎత్తులో ఉండవలెను. పుస్తకమును దగ్గరకు లాగుకొనుడి. పాతకాలపు గుమాస్తాల ఏటవాలు బల్ల మెడకు మేలు చేయును.
4. కంప్యూటరు తెర పై అంచు ఇంచుమించు కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరములో ఉండవలెను.
5. ఫోనును చెవికిని భుజమునకును మధ్య ఇరికించుకొని వ్రాయకుడి.
6. అరగంటకు ఒకసారి లేవుడి. నడుముపై చేతులు పెట్టి మెల్లగా 5 సార్లు వెనుకకు వంగి, పది అడుగులు నడువుడి. మంచినీళ్ల సీసా బల్లమీద కాక దూరముగా పెట్టుకొనుడి.
7. దినమును కొంత నడువుడి, వ్యాయామము చేయుడి. నొప్పి మరల రాకుండుటకు నడుము బెల్టుకంటె వ్యాయామమే ఉపయోగమని పరిశోధనలు చూపినవి.

నొప్పి వచ్చినప్పుడు

దినముల తరబడి మంచము పట్టకుడి. ఓర్చుకొనగలిగినంత తిరుగుచుండుడి. సాధారణముగా నడుము నొప్పి కొన్ని వారములలో తగ్గును. అయితే కాలు బలము తగ్గినను, తొడల నడుమ తిమ్మిరెక్కినను, మలమూత్రములపై అదుపు తప్పినను ఆలస్యము చేయక ఆ దినమే ఆసుపత్రికి పొండి. జ్వరము, బరువు తగ్గుట, రాత్రివేళ విడువని నొప్పి ఉన్నను వైద్యునికి చూపించుకొనుడి. మన దేశములో వెన్నెముకకు క్షయ సోకుట కూడ ఉన్నది గనుక దీనిని అశ్రద్ధ చేయరాదు.

మన యెదుటనున్న మాదిరి

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టరు మేరీ వర్గీసుగారు 1954లో వాహన ప్రమాదమున గాయపడి, నడుము క్రింద చలనము కోల్పోయిరి. వారు చక్రముల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసిరి. 1966లో బాగాయంలో ప్రారంభమైన పునరావాస కేంద్రమునకు ముఖ్య కారకులైరి. వెన్ను దెబ్బతిని లేవలేని వారికి కూడ, పుండ్లు పడకుండునట్లు మాటిమాటికి చేతులపై దేహమును ఎత్తుకొనవలెనని అట్టి కేంద్రములలో నేర్పుదురు. లేవలేని వారికే అది అవసరమైతే, లేవగలిగిన మనము సిగ్గుచేతనో భయముచేతనో కూర్చుండిపోవుట తగునా?

పైన చెప్పిన సహోదరుని యజమానితో మేము వెళ్లి మాటలాడితిమి. ఆయన మంచివాడు. "లేవవద్దని నేనెప్పుడన్నాను?" అని ఆశ్చర్యపడెను. మంచినీళ్ల కుండను గది ఆ చివరకు మార్పించెను. కావున పనివారు అడుగుటకు వెనుదీయవద్దు. మనలో నలుగురికి పని ఇచ్చిన వారు, తమ గుమాస్తా లేచినప్పుడు తప్పు పట్టవద్దు.

ఆలోచించుడి

1. నిన్న మీరు ఎన్ని గంటలు లేవకుండ కూర్చుంటిరి?
2. మీ బల్లయొద్ద ఖర్చు లేకుండ ఈ వారము మార్చదగినది ఏది?
3. నొప్పిని దాచుకొని పనిచేయువారు మీ ఇంటిలో ఉన్నారా? వారిని అడిగితిరా?

ఈ పాఠము చదువుటకు కూర్చున్నవారు ఇప్పుడు ఒకసారి లేచి, నాలుగడుగులు నడిచి రండి.