మధుమేహమున నిలుకడ

రాజమహేంద్రవరము

చిరంజీవియైన మా అబ్బాయికి పెదనాన్న అనేక ఆశీస్సులతో వ్రాయునది.

నీ ఉత్తరమును, దానితో కూడ పంపిన రక్తపరీక్షల పట్టికను సావధానముగా చదివితిని. ఉదయమున 214, సాయంకాలమునకు 62, ఆ రాత్రి నిద్రించుటకు ముందు 270. ఇట్లు ఒక్కదినముననే ఎక్కి దిగిన అంకెలను చూచి, ఎంత నియమముగా ఉన్నను శరీరము నీ మాట వినుట లేదని నీవు నిస్పృహతో వ్రాసినది నన్ను కలతపెట్టినది. కాని నాయనా, అంకెల ప్రక్కన నీవు వ్రాసికొన్న వివరములను కలిపి చదివినచో, ఆ ఎగుడుదిగుళ్లలో అంతుపట్టనిది ఏమియు కానరాదు. ఉదయపు అంకెకు భయపడి మధ్యాహ్నభోజనము మానితివి. గ్లిమెపిరైడ్ మాత్రను మాత్రము వేసికొంటివి. సాయంకాలమున చెమటలు పట్టి చేతులు వణకగా, దొరికిన మిఠాయినంతయు తింటివి. ఇక రాత్రి అంకె మిన్నంటుటలో ఆశ్చర్యమేమున్నది? ఎక్కువకు జడిసి ఉపవాసము, తక్కువకు జడిసి అతిభోజనము, ఈ రెంటి నడుమ ఊగులాడుచున్నది నీ భయమే. రక్తమందలి చక్కెర దానిని అనుసరించుచున్నది. కావున నేను చెప్పదలచిన హితము ఇంతియే: అంకె వెంట పరుగెత్తకుము, దినచర్యను నిలుపుకొనుము.

వ్యాధిస్వభావమును ముందుగా ఎఱుగవలయును. సుశ్రుతుడు ప్రమేహమును సహజమనియు, అపథ్యనిమిత్తజమనియు రెండు విధములుగా విభజించి, మొదటిది కృశించినవారియందును, రెండవది స్థూలకాయులయందును కానవచ్చునని చెప్పియున్నాడు. నేటి వైద్యులు రెండవ రకమని పిలుచు మధుమేహమునకు ఆ రెండవ వర్ణన మిక్కిలి సన్నిహితమైనది. కండరములును కాలేయమును ఇన్సులిన్‌కు మందముగా స్పందించుటయు, ఆ లోటును పూరింప అధికముగా శ్రమించిన క్లోమము కాలక్రమమున అలసిపోవుటయు దీనికి మూలము. మనము నిద్రించుచుండగా కాలేయము చక్కెరను రక్తములోనికి విడుచుచునే యుండును. తెల్లవాఱుజామున కార్టిసోల్ మొదలైన హార్మోనులు పెరిగి ఆ ధారను ఇనుమడింపజేయును. కనుకనే రాత్రి మితముగా తిన్నవానికిని ఉదయమున అంకె అధికముగా ఉండవచ్చును. దానికి పగలు పస్తుండుట మందు కాదు. అట్టి ఉదయములు తఱచుగా వచ్చుచున్నచో, రాత్రిభోజనపు వేళను ముందునకు జరుపుటయు, మందుల మాట వైద్యునితో చెప్పుటయు మార్గము.

నీవు మ్రింగు మాత్రల గుణములు వేఱువేఱు. మెట్‌ఫార్మిన్ ముఖ్యముగా కాలేయమునుండి వెలువడు చక్కెరను తగ్గించును. అది ఒక్కటియే వాడువారికి చక్కెర ప్రమాదకరముగా పడిపోవుట అరుదు. గ్లిమెపిరైడ్ అట్టిది కాదు. అది క్లోమమును ప్రేరేపించి ఇన్సులిన్‌ను స్రవింపజేయును, నీవు తింటివో లేదో అది చూడదు. ఆ మాత్ర వేసికొన్న దినమున పూట తప్పింపరాదు. అంకె చూచి నీ అంతట నీవు మాత్రను పెంచుటయు తుంచుటయు తగదు.

ఇక భోజనము. మన తెలుగువారి విస్తరిలో అన్నమే రాజు. కూరయు పప్పును దానికి పరివారము. మధుమేహి ఈ మర్యాదను తారుమాఱు చేయవలయును. ముందుగా కూరలను, పప్పును, మాంసాహారివైనచో గ్రుడ్డునో చేపనో కొంత తిని, పిమ్మట కొలతగా అన్నము తిన్నచో, అదే ఆహారము చక్కెరను మందముగా పెంచును. చిరుధాన్యములు మేలే కాని, పేరు చూచి మోసపోకుము. రాగులను మెత్తగా పిండిచేసి పలుచని జావగా కాచి త్రాగినచో అది త్వరగానే రక్తమున చేరును. బెల్లమును తేనెయును చక్కెరకు ప్రత్యామ్నాయములని ఎవరు చెప్పినను నమ్మకుము. పెండ్లి భోజనమున ఒక బూరె తినవలసివచ్చినచో తినుము. ఆ పూట అన్నము తగ్గించుము గాని మఱునాడు పస్తుండకుము. భోజనానంతరము పది పదిహేను నిమిషములు మెల్లగా నడచుట నీకు సులభమైన సాధన. నడచునప్పుడు కండరములు ఇన్సులిన్ సాయమునకై వేచియుండక రక్తమునుండి చక్కెరను తామే గ్రహించును.

పరీక్షను తీర్పుగా కాక ప్రశ్నగా చేయుము. భోజనమునకు ముందొకమాఱును, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మఱియొకమాఱును చూచినచో, ఆ రెంటి వ్యత్యాసమే ఏ వంటకము నీకు సరిపడునో చెప్పును. చేతులు కడిగికొని తుడుచుకొన్న పిమ్మటనే వ్రేలు గ్రుచ్చుకొనుము. మామిడిపండు రసము వ్రేలికి అంటియున్నచో యంత్రము లేని చక్కెరను చూపగలదు. పెక్కుమందికి భోజనమునకు ముందు 80 నుండి 130 వఱకును, భోజనానంతరము 180కి లోపలను లక్ష్యముగా వైద్యులు నిర్దేశింతురు. నీ వయస్సును ఇతర వ్యాధులను బట్టి నీ లక్ష్యమును వారే నిర్ణయింపవలయును. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్ష అవసరమే. అది 7 శాతమున్నచో సగటు సుమారు 154 అగును. కాని 62ను 270ను కలిసినను సగటు చక్కగానే కనబడవచ్చును. కనుక సగటుతో తృప్తిపడకుము.

అన్నింటికంటె త్వరపడవలసినది చక్కెర పడిపోయినప్పుడు. 70కి దిగువకు వచ్చినచో మూడు చెంచాల చక్కెరను, అనగా సుమారు 15 గ్రాములను, నీటిలో కలిపి త్రాగుము. పదునైదు నిమిషములు ఆగి మరల చూడుము. ఇంకను తక్కువైనచో అట్లే చేయుము. కుదుటపడిన పిమ్మట భోజనమునకు వేళ దూరమైనచో కొంచెము తినుము. నేతి మిఠాయియు చాక్లెట్టును ఈ సమయమున పనికిరావు. అందలి కొవ్వు చక్కెర రక్తమున చేరుటను ఆలస్యము చేయును. ఆ పదునైదు నిమిషముల ఓర్పు లేకపోవుటచేతనే నీ 62, 270 అయినది. రక్తపోటుకు వాడు కొన్ని మందులు వణకును గుండెదడను మఱుగుపఱచును. అట్టివి వాడుచున్నచో వైద్యునడుగుము. చక్కెర తక్కువగా ఉన్నప్పుడు బండి నడపకుము.

జ్వరము వచ్చినప్పుడు ఆహారము తగ్గినను చక్కెర పెరుగుట కద్దు. ఆ దినములలో తఱచుగా పరీక్షింపుము, నీరు త్రాగుము, వాంతులు పట్టినచో మందుల మాట వెంటనే వైద్యునడుగుము. కార్తిక సోమవారపు ఉపవాసము నీకు ప్రియమని ఎఱుగుదును. ముందుగా వైద్యునితో మాట్లాడి, మాత్రల వేళలను మార్చించుకొని గాని దానికి పూనుకొనకుము. భగవంతుడు నీ స్పృహ తప్పుటను కోరడు.

ఇంకొక మాట. ఈ వ్యాధిని ఇంట దాచుచున్నావని నీ ఉత్తరపు ధోరణిచేత గ్రహించితిని. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. నీకు స్పృహ తప్పినచో నోట నేమియు పోయరాదనియు, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలయుననియు నీ భార్యకు తెలిసియుండవలయును కదా! ఆమెకు అన్నియు ఈ రాత్రియే చెప్పుము. గ్లూకోమీటరు వాడుక నేర్పుము. నీ నియమమునకు ఆమె తోడైనచో పూటలు తప్పవు, పూటలు తప్పకున్నచో అంకెలు ఇంతగా చెలరేగవు.

దీర్ఘాయురస్తు.

ఇట్లు,
నీ పెదనాన్న