ఇంటి కష్టం, తల్లి మనసు, పసివారి ప్రవర్తన

రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు అయినదానికీ కానిదానికీ ఏడ్చినా, తోటివారిని కొట్టినా, మానిన పక్క తడిపే అలవాటు మళ్లీ మొదలైనా, తల్లి పెంపకాన్ని తప్పుపట్టడం లోకరివాజు. పరిశోధనలు మాత్రం దృష్టిని ఇంటి పరిస్థితుల వైపు మళ్లిస్తున్నాయి.

కష్టం బిడ్డను చేరే దారి

1930ల ఆర్థిక మాంద్యంలో నలిగిన అమెరికా కుటుంబాలను గూర్చి గ్లెన్ ఎల్డర్ 1974లో ఒక గ్రంథం ప్రకటించారు. తరువాత అయోవా రాష్ట్రంలో వ్యవసాయ సంక్షోభానికి గురైన కుటుంబాలను రాండ్ కాంగర్ బృందం పరిశీలించింది. రాబడి తగ్గితే అప్పుల దిగులు పెరుగుతుంది; దిగులు తల్లిదండ్రుల మనసును కుంగదీస్తుంది; దంపతుల మధ్య కలహం రేగుతుంది; ఆ చిరాకు చివరకు పిల్లలపై కసురుగానో దెబ్బగానో పడుతుంది. పసిపిల్లలున్న ఇళ్లలోనూ ఇదే క్రమం కనబడింది. అనగా లేమి నేరుగా కన్నా, పెద్దల మనఃస్థితి ద్వారా బిడ్డను ఎక్కువగా తాకుతుంది.

తల్లి ముఖం

1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ ఒక ప్రయోగం చేశారు. బిడ్డతో ఆడుతున్న తల్లిని కొద్ది నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో ఉండమన్నారు. శిశువు మొదట నవ్వింది, చేతులు చాచింది. ఫలితం లేకపోయేసరికి ముఖం తిప్పుకొంది, కలత చెందింది. దీర్ఘకాలం కుంగుబాటులో ఉన్న తల్లికి బిడ్డ పిలుపునకు బదులు పలికే ఓపిక ఉండదు. బిడ్డ మొండితనం ఆమెను మరింత అలసటకు గురిచేస్తుంది. ఇది ప్రేమలేమి కాదు, చికిత్సకు లొంగే అనారోగ్యం.

వలస వచ్చిన ఇంట ఈ భారం రెట్టింపవుతుంది. పుట్టింటి అండ దూరం. అద్దె, అడ్వాన్సు బాకీ దగ్గర. ఇరుగుపొరుగు భాష రాకపోతే మనసు విప్పి చెప్పుకొనే మనిషీ ఉండదు.

చేయదగినవి

పాకిస్థాన్ గ్రామాలలో సామాన్య మహిళా ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణనిచ్చి, కుంగుబాటులో ఉన్న గర్భిణులను, బాలింతలను ఇళ్లకు వెళ్లి పలకరింపజేశారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆరు నెలల తరువాత వారిలో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగిలింది. ఆ శిక్షణ లేని కార్యకర్తలు పలకరించినవారిలో 53 శాతం. తల్లిదండ్రులు బిడ్డతో ఆడుకొనే సమయమూ పెరిగింది. శిక్షణ పొంది ఆదరణతో పలకరించే మనిషి ఎంత మేలు చేయగలరో దీనివలన తెలుస్తుంది.

• భర్త రోజుకు కొంతసేపైనా బిడ్డ బాధ్యత తీసుకొని, తల్లికి విశ్రాంతి నివ్వాలి. అప్పుల వాదులాట పిల్లల ఎదుట వద్దు.
• పిల్లల తిండికి, నిద్రకు వేళలు తప్పకుండా చూడాలి. రోజూ పది నిమిషాలైనా తెలుగులో కథో, పాటో చెప్పాలి. కొట్టడం వలన మొండితనం తగ్గదు.
• ఆరేళ్ల లోపు పిల్లలను దగ్గరి అంగన్‌వాడీలో చేర్పించాలి. అక్కడ పోషకాహారం, మూడేళ్లు దాటినవారికి ఆటపాటల చదువు ఉచితం.
• స్వగ్రామపు రేషన్ కార్డుపై ఈ నగరంలోనూ బియ్యం పొందవచ్చు. కార్డుకు ఆధార్ జతచేసి ఉండాలి.
• దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించితే వైద్యుని సంప్రదించాలి. ప్రాణంపై విరక్తి కలిగితే ఒక్కరోజు కూడా ఆగరాదు.

టెలి మానస్ 14416: ఉచితం, రాత్రింబవళ్లు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. గృహహింసకు మహిళా సహాయవాణి 181, పిల్లల రక్షణకు 1098.

తల్లిని నిందించిన ఇంట బిడ్డ కుదుటపడదు. తల్లికి ఊరట కలిగిస్తే బిడ్డకూ ఊరట కలుగుతుంది.