పాత బుల్లెట్‌కు పెద్ద ఛాంబర్ కావాలా?

భౌతికశాస్త్రంలో ఉష్ణం అనే పాఠం మనమంతా చదివినదే. పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని, మరిచిపోయినదే కూడా. ఆ పాఠం మొన్న వేసవిలో చేతికి నల్లనూనె మరకలు అంటించుకుని మళ్ళీ నా దగ్గరకు వచ్చింది. ఆ కథే ఈ వ్యాసం.

మా అల్లవరం ఇంట్లో నాన్నగారి బుల్లెట్ ఒకటుంది. 350 సి.సి., 1974 నాటిది. ఆయన తరవాత అది నా వంతుకు వచ్చింది. అమలాపురం వెళ్ళి వచ్చేసరికి ఇంజను కుతకుతలాడిపోతున్నట్టు ఉండేది. బ్రీదర్ గొట్టంలోంచి నూనె కారి వెనక చక్రం దాకా చిమ్మేది. అరుగు ముందు ఎక్కడ నిలబెడితే అక్కడ ఇసుకలో నల్లమచ్చ. ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్తే మెకానిక్ చూసి, "నూనె చాలటం లేదండి మేస్టారూ. కింద కోసి, అల్యూమినియం పెట్టె వెల్డింగు చేసి ఛాంబర్ పెద్దది చేసేద్దామండి. ఇంకో లీటరు పడద్ది, ఇంజను చల్లగా ఉంటదండి" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. నేను దాదాపు ఒప్పేసుకున్నాను. ఆ రోజు వెల్డింగు చేసే కుర్రాడు సెలవులో ఉండబట్టి గాని, లేకపోతే ఈ వ్యాసం వేరేలా ఉండేది.

అసలు ఛాంబర్ అనేది ఏ బండికి ఉంటుంది? మన ప్రాంతంలో ఒకప్పుడు విరివిగా తిరిగిన రాజ్‌దూత్, యెజ్డీలు టూ స్ట్రోక్ బండ్లు. వాటిలో ఇంజను నూనెను పెట్రోలులోనే కలిపి పోస్తాం. అది పనిచేసి, మండి, పొగై పోతుంది. కనుక పెద్దది చేయటానికి అక్కడ ఛాంబరే లేదు. బుల్లెట్ సంగతి వేరు. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా ఇంగ్లండులోని రెడిచ్ నమూనానే తీసుకుని, తిరువొత్తియూరు కర్మాగారంలో దశాబ్దాల తరబడి పెద్ద మార్పులు లేకుండా తయారు చేసింది. ఆ పాత ఇనుప సిలిండరు ఇంజనులో నూనె అడుగున పళ్ళెంలో ఉండదు. క్రాంక్‌కేసు పోతలోనే, క్రాంకు వెనకవైపు, ఒక గది కట్టి ఉంటుంది. అదే నూనె ట్యాంకు. పట్టేది సుమారు రెండుంబావు లీటర్లు. (తరవాత వచ్చిన యూనిట్ ఇంజను బుల్లెట్లలో నూనె అడుగునే ఉంటుంది. నేను చెప్పేది వాటి గురించి కాదు.)

ఈ ఇంజనులో చిన్న పంపులు రెండున్నాయి. ఒకటి ట్యాంకులోని నూనెను ఫిల్టరు గుండా క్రాంకు బేరింగుకు పంపుతుంది. రెండోది అడుగున చేరిన నూనెను తోడి మళ్ళీ ట్యాంకుకు చేరుస్తుంది. తోడే పంపు శక్తి ఎక్కువ. అందుచేత బండి నడుస్తున్నంతసేపు క్రాంకు తిరిగే అర దాదాపు పొడిగా ఉంటుంది. మన ఊళ్ళో చేలోకి నీరు పెట్టే బోదె, మురుగు తీసే బోదె వేరువేరుగా ఉంటాయి గదా, అదే ఏర్పాటు.

బండి ఆగాక ఏమవుతుంది? ట్యాంకులోని నూనె పంపు సందుల్లోంచి మెల్లమెల్లగా క్రాంకు అరలోకి దిగిపోతుంది. పంపు అరిగిన పాత బండిలో ఒక్క రాత్రికే చాలా దిగుతుంది. తెల్లారి పుల్ల తీసి చూస్తే మట్టం గీత కింద కనిపిస్తుంది. నూనె ఎక్కడికీ పోలేదు, గది మారింది, అంతే. ఆ సంగతి తెలియక నేనేం చేశానయ్యా అంటే, రోజూ పొద్దున్నే చూసి, తగ్గిందనుకుని కాస్త కాస్త పోస్తూ వచ్చాను. బండి స్టార్టు కాగానే అడుగునున్న నూనె అంతా పైకి వచ్చి ట్యాంకు నిండిపోయేది. మిగిలింది బ్రీదర్ దారి పట్టేది. అది చూసి మెకానిక్ నూనె చాలటం లేదన్నాడు. నిజానికి నూనె ఎక్కువై బయటకు తన్నుతోంది. నూనె మట్టం చూడవలసింది బండి కాసేపు నడిచాక, ఆపిన రెండు మూడు నిమిషాల్లో. ఈ ఒక్క అలవాటు మార్చుకున్న వారానికి మా అరుగు ముందు ఇసుక తెల్లబడింది.

ఇక వేడి సంగతి. నూనె ఎక్కువ పోస్తే ఇంజను చల్లబడుతుందా? టీ కొట్టు దగ్గర పెద్దవాళ్ళను గమనించండి. వేడి టీని ఇంకా పెద్ద గ్లాసులోకి మార్చరు, సాసర్‌లో పోసుకుంటారు. వేడి పోయేది గాలి తగిలే ఉపరితలం నుంచి. ద్రవం పరిమాణం పెరిగితే అది వేడెక్కటానికి పట్టే కాలం మాత్రం పెరుగుతుంది.

లెక్క వేద్దాం. రెండుంబావు లీటర్ల నూనె సుమారు 2 కిలోలు. నూనె విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి రమారమి 2 కిలోజౌళ్ళు. అంటే ఒక డిగ్రీ పెరగటానికి 4 కిలోజౌళ్ళు కావాలి. ఉదాహరణకు ఒక కిలోవాటు వేడి నూనెలో చేరుతోందనుకుందాం. 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు రావటానికి 240 సెకన్లు, అనగా 4 నిమిషాలు. ఇంకో లీటరు కలిపితే అదే పనికి 5 నిమిషాల 45 సెకన్లు. (లోహం కూడా వేడెక్కాలి కనుక అసలు ఇంజనులో ఇంకా ఎక్కువ పడుతుంది.) ఆ తరవాత వచ్చే వేడి, పోయే వేడి సమానమైన చోట ఉష్ణోగ్రత నిలబడుతుంది. ఆ నిలబడే చోటును మార్చేది పెట్టె గోడల వైశాల్యం, దానికి తగిలే గాలి. లోపల ఎన్ని లీటర్లున్నాయనేది కాదు. వెల్డింగు పెట్టెకు రెక్కలు పోసి, గాలికి ఎదురుగా పెడితే కొంత ఫలితం ఉంటుంది. సాదా రేకు పెట్టెను బురద కొట్టుకునే చోట తగిలిస్తే ఉండేది నామమాత్రం.

పైగా మన కోనసీమలో అసలు బాధ దీనికి తలకిందులుగా ఉంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీటికి సరిపడా ఆవిరి పుడుతుంది. అందులో చాలా భాగం సైలెన్సరు దారిని పోయినా, కొంత పిస్టను రింగుల పక్కనుంచి జారి క్రాంక్‌కేసులోకి వస్తుంది. నూనె బాగా కాగితే ఆ నీరు ఆవిరై బ్రీదర్‌లోంచి వెళ్ళిపోతుంది. కాగకపోతే నూనెలోనే కలిసి మూత అడుగున పాలమీగడలా తెల్లటి జిగురు కడుతుంది, బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. మనం చేసేవి ఎంతెంత ప్రయాణాలు? అల్లవరం నుంచి అమలాపురం, లేదా ఓడలరేవు, లేదా కాలువ గట్టు మీద చేను దాకా. నూనె కాగే లోపే దిగిపోతాం. ఇంకో లీటరు పోసి దాన్ని మరింత ఆలస్యంగా కాగనివ్వటం ఎవరికి మేలు?

ఇదంతా కాగితం మీది మాట అనుకుంటారేమోనని ఒక పని చేశాను. మే నెల మధ్యాహ్నం అమలాపురం వెళ్ళి ఆపీ ఆపగానే సిలిండరు రెక్కల మీద నీటిచుక్క వేశాను. చుయ్‌మని ఎగిరిపోయింది. నూనె ట్యాంకు గోడమీద అరచెయ్యి పెట్టాను. వేడిగానే ఉంది గాని చెయ్యి లాక్కోవలసినంత లేదు. మనం ఇంజను కాలిపోతోందంటున్నది ఆ రెక్కల వేడిని చూసి. రెక్కలు వేడెక్కటానికే ఉన్నాయి. అవి మరీ ఎక్కువగా కాలుతుంటే వెతకవలసిన చోట్లు వేరు: పాయింట్ల టైమింగు వెనకబడిందా, కార్బురేటరులో పెట్రోలు తక్కువై మిశ్రమం పల్చబడిందా, రెక్కల మధ్య బురద అట్టకట్టిందా. నా బండిలో మొదటిదీ చివరిదీ రెండూ ఉన్నాయి. (ఎవరైనా విద్యార్థి ఉత్సాహపడి ల్యాబులోని గాజు థర్మామీటరు ట్యాంకులో ముంచేరు. విరిగితే పాదరసం ఇంజను పాలు. థర్మోకపుల్ తీగ ఉన్న మల్టీమీటరు వాడండి.)

పెద్ద ఛాంబర్ పూర్తిగా పనికిమాలినదని మాత్రం నేను అనను. 1969లో మొదలైన బి.ఎం.డబ్ల్యు. స్లాష్ ఫైవ్ శ్రేణి జంట సిలిండరు బండ్లకు అడుగున బోల్టులతో బిగించే పళ్ళెం ఉంది. దాన్ని విప్పి లోతైనది వేసుకోవచ్చు, నచ్చకపోతే పాతది పెట్టుకోవచ్చు. గంటల తరబడి వేగంగా పోయేవారికి, నూనె కొంచెం తాగే ఇంజనుకు, ఆ అదనపు నిల్వ ఒక భరోసా. అక్కడ కూడా నూనె పీల్చే గొట్టాన్ని లోతుకు తగ్గట్టు పొడిగించాలి. లేకపోతే అదనపు నూనె అక్కరకు రాని నిల్వగా అడుగునే ఉండిపోతుంది. నేలకూ ఇంజనుకూ మధ్య ఎడం తగ్గుతుందని కూడా మరవకూడదు. మన ఊరి స్పీడ్ బ్రేకర్లు చూసినవారికి ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

పాత బుల్లెట్‌కు ఆ సౌకర్యం లేదు. దాని చట్రంలో ఇంజను కిందుగా పోయే గొట్టం ఉండదు. ముందు గొట్టం వచ్చి క్రాంక్‌కేసుకే బిగుస్తుంది. అంటే క్రాంక్‌కేసు నూనె గది మాత్రమే కాదు, బండి బరువు మోసే ఎముక కూడా. ఆ ఎముకను కోసి, ఏళ్ళ తరబడి నూనె పీల్చిన అల్యూమినియం మీద వెల్డింగు పెడితే అతుకు బుడగలు కట్టవచ్చు, వేడికి పోత వంగి బేరింగుల వరస తప్పవచ్చు. ఒకసారి కోశాక వెనక్కి తెచ్చుకునే మార్గం లేదు.

మళ్ళీ వెళ్ళి మెకానిక్‌కు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే పంపు విప్పి చూద్దామండి" అన్నాడు. విప్పితే తోడే పంపు బాగానే ఉంది, పంపే వైపుది అరిగింది. అది మార్చి, నూనె పూర్తిగా తీసి కొత్తది పోశాం, రెండుంబావు లీటర్లే. ఇప్పుడు ఆదివారాలు ఒకసారి రావులపాలెం దాకా వెళ్ళి వస్తున్నాను, నూనె కాగటానికి. ఇంట్లో వాళ్ళకు కూడా అదే కారణం చెబుతున్నాను.