ఏడుపు ఆగితే బిడ్డ కుదుటపడినట్టేనా?

ఈ నెల పాఠం తల్లిదండ్రుల నుండి విడదీసిన పిల్లల గురించి. అమెరికా దేశంలో ప్రభుత్వమే దీనిని ఒక విధానంగా పెట్టుకుని వేలమంది పిల్లల మీద అమలు చేసింది. ముందుగా అక్కడ జరిగినది తెలుసుకుని, తరువాత మన వార్డు సంగతికి వద్దాం.

2018 ఏప్రిల్‌లో అప్పటి అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్, మెక్సికో సరిహద్దును అనుమతి లేకుండా దాటిన పెద్దవారందరిపైనా క్రిమినల్ కేసులు పెట్టాలని ఆదేశించారు. అలా వచ్చిన కుటుంబాలలో చాలామంది గ్వాటెమాల, హోండురాస్ దేశాలవారు. తల్లినో తండ్రినో జైలుకు పంపగానే, బిడ్డను ‘తోడు లేని పిల్ల’గా నమోదు చేసి వేరే శాఖవారి వసతిగృహాలకు తరలించేవారు. టెక్సాస్‌లోని ఎల్ పాసో ప్రాంతంలో ఈ పని 2017లోనే మొదలైంది. మొత్తం మీద ఐదు వేలకు పైగా పిల్లలను ఇలా విడదీశారు. వారిలో నాలుగు నెలల పసివాడు కూడా ఉన్నాడు.

ఒక మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2018 జూన్‌లో సెషన్స్ గారు ఈ విధానాన్ని సమర్థిస్తూ రోమా పత్రిక 13వ అధ్యాయాన్ని ఎత్తి చూపారు, అధికారులకు లోబడాలని. ఆయన మెథడిస్టు సంఘస్థుడు. ఆ సంఘంవారే ఆరువందల మందికి పైగా ఆయన మీద సంఘానికి ఫిర్యాదు చేశారు. అదే అధ్యాయం కొంచెం కిందికి చదివితే పొరుగువారిని ప్రేమించడం గురించి ఉంది. ఫరో కూడా అధికారియే కదా! అతని ఆజ్ఞను పాటించని షిఫ్రా, పూయా మంత్రసానులు, అంటే మన వృత్తివారే.

ఆ సంవత్సరం పిల్లల వైద్యుల సంఘం అధ్యక్షురాలు డాక్టర్ కాలీన్ క్రాఫ్ట్ టెక్సాస్‌లో అటువంటి ఒక వసతిగృహం చూడడానికి వెళ్లారు. రెండేళ్లు కూడా నిండని ఒక పాప చాప మీద పిడికిళ్లతో గుద్దుకుంటూ ఏడుస్తోంది. పక్కనే ఉన్న ఉద్యోగిని బొమ్మలు ఇస్తున్నది గానీ ఎత్తుకోవడం లేదు. పిల్లలను ముట్టుకోకూడదని తమకు చెప్పారన్నారట. అక్కడ మంచాలున్నాయి, ఆహారం ఉంది, ఆట వస్తువులున్నాయి. పాపకు కావలసినది మాత్రం లేదు.

ఇది మనసుకు మాత్రమే సంబంధించినది కాదు. భయం కలిగినప్పుడు బిడ్డ శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. తెలిసిన చేతులు ఎత్తుకుంటే అవి తగ్గుతాయి. ఆ చేతులు లేక రోజులు, వారాలు గడిస్తే ఎదిగే మెదడుకే హాని కలుగుతుంది. నిద్ర చెడుతుంది, మానేసిన పక్క తడపడం తిరిగి వస్తుంది, వచ్చిన మాటలు పోతాయి. ఆ వసతిగృహాల గురించి 2019లో వెలువడిన ప్రభుత్వ తనిఖీ నివేదికలో, ఛాతీ నొప్పి అన్న పిల్లలను పరీక్షిస్తే ఏ జబ్బూ కనబడలేదని ఉంది. తల్లిదండ్రులే తమను వదిలేశారనుకున్న పిల్లలూ ఉన్నారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను నర్సింగ్ నేర్చుకునే రోజుల్లో మేము పనిచేసిన ఆసుపత్రిలో తల్లులకు సాయంత్రం రెండు గంటలే అనుమతి. రెండేళ్ల బాబు ఒకడు విరోచనాలతో చేరాడు. “సిస్టరమ్మా, ఒక్కసారి ఎత్తుకుని పోతాను” అని తల్లి వరండాలో నిలబడి బతిమాలింది. నేను రూలు చెప్పి పంపించాను. మొదటి రోజు వాడు గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చాడు. మూడవ రోజు ఏడవలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. రిపోర్టు బుక్కులో ‘బిడ్డ కుదుటపడ్డాడు’ అని రాశాను. తల్లి వస్తే ముఖం తిప్పుకున్నాడు.

వాడు కుదుటపడలేదని చాలా కాలం తరువాత తెలుసుకున్నాను. ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ల పాపను 1952లో సినిమాగా చూపించారు. ఆయన, డాక్టర్ జాన్ బౌల్బీ కలిసి చెప్పినదేమంటే, విడిపోయిన బిడ్డ మొదట ఏడ్చి పోరాడుతుంది, తరువాత ఆశ వదులుకుంటుంది, ఆ పైన తల్లి వచ్చినా పరాయిదానిలా చూస్తుంది. మనం మంచి బిడ్డ అని మెచ్చుకునేది ఈ రెండవ దశనే. 1959లో అక్కడి ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని సిఫారసు చేసింది.

అమెరికాలోనూ ఇదే కనబడింది. 2018 జూన్ 20న అధ్యక్షుడు ట్రంప్ ఆ విధానాన్ని ఆపుతూ ఉత్తర్వు ఇచ్చారు. జూన్ 26న న్యాయమూర్తి డేనా సబ్రా, ఐదేళ్లలోపు వారిని 14 రోజుల్లో, మిగతావారిని 30 రోజుల్లో అప్పగించాలన్నారు. తల్లుల చేతికిచ్చినప్పుడు కొందరు పసివారు తల్లిని గుర్తుపట్టక ఏడ్చారు. చాలామందిని అప్పగించడమే కష్టమైంది. ఎవరి బిడ్డ ఎవరో రెండు శాఖల రికార్డులను కలిపే ఏర్పాటు లేదు, కొందరు తల్లిదండ్రులను అప్పటికే వారి దేశాలకు పంపేశారు. మన ప్రసవ వార్డులో తల్లి చేతికీ బిడ్డ చేతికీ ఒకే నంబరు చీటీ కడతాం, ఆపాటి పనైనా జరగలేదు. 2023 ఫిబ్రవరి నాటికి కూడా వెయ్యికి దగ్గరగా పిల్లలు తల్లిదండ్రులను చేరినట్టు నిర్ధారణ కాలేదు.

మన వార్డు సిస్టర్లకు: తల్లిని బయటకు పంపక తప్పనప్పుడు, ఆమె చెప్పకుండా జారుకోకూడదు. వెళ్తున్నానని, మళ్లీ వస్తానని బిడ్డకు చెప్పించండి. ఆమె చీర ముక్క ఒకటి పక్కమీద ఉంచండి. వీలైతే ఒకే సిస్టరు ఎత్తుకోవాలి. తిరిగి వచ్చిన తల్లిని చూసి బిడ్డ ముఖం తిప్పుకుంటే ఆమె నొచ్చుకుంటుంది. అది కోపం కాదని చెప్పి, పక్కన కూర్చోనివ్వండి. ఇంటికి వెళ్లాక కొన్ని రోజులు కొంగు వదలకపోయినా కసరవద్దనండి. ఇక రిపోర్టు బుక్కులో ‘కుదుటపడ్డాడు’ అని రాసే ముందు, బిడ్డ తింటున్నాడా, ఆడుతున్నాడా, కళ్లలోకి చూస్తున్నాడా అన్నది రాయండి.